నాన్న ఫొటో బుక్ చేయించాం, ఎలా ఉందంటే

నాన్న పోయి మూడు నెలలైంది, ఆయన ఫొటోలన్నీ కలిపి ఆన్‌లైన్‌లో ఫొటో బుక్ చేయించాం. బైండింగ్ గట్టిగానే ఉంది, కానీ వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలే పంపేశాం కదా, అవి కంప్రెస్ అయిపోయి ఉంటాయి, ఫుల్ పేజీకి సాగదీసేసరికి మొహం మసకబారిపోయింది. పాత ప్రింట్లు మాత్రం 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ చేయించాం, వాటిల్లో నాన్న జేబులో పెన్ను క్యాప్ మీద గీత కూడా కనిపిస్తోంది. బుక్ వేసినవాళ్లు నాన్న పుట్టిన సంవత్సరం తప్పు వేశారు, ప్రింట్‌కి ముందు చూసుకోమని పంపే ప్రూఫ్ మేమూ సరిగా చూడలేదులెండి, మళ్లీ వేసిచ్చారు. నాకు బాగా నచ్చింది చివరి పేజీలో క్యూఆర్ కోడ్, స్కాన్ చేస్తే ఆయన వాయిస్ మెసేజ్ వస్తుంది, "చేరాక ఫోన్ చెయ్యరా" అని... అమ్మ రోజూ అదే వింటోంది. ఆ లింక్ ఎన్నాళ్లు పనిచేస్తుందో ముందే అడగండి, ఆడియో కాపీ మీ దగ్గరా ఉంచుకోండి.