పిల్లల గ్లకోమాకి అహ్మద్ వాల్వా, బేర్‌వెల్ట్ ట్యూబా?
గ్లకోమా అంటే కంట్లో ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు. కంట్లో నీరు బయటికి పోయే దారిని తెరిచే ఆపరేషన్లు, అంటే గోనియాటమీ, ట్రాబెక్యులాటమీ చేసినా పాప కంట్లో ప్రెషర్ తగ్గకపోతే అప్పుడు ట్యూబ్ మాట వస్తుంది: కంట్లోని నీటిని సన్న గొట్టంతో కంటి గోడ మీద పెట్టిన చిన్న ప్లేటు దగ్గరికి పంపించడం. అహ్మద్‌లో వాల్వు ఉంది కాబట్టి ప్రెషర్ వెంటనే దిగుతుంది, నల్లగుడ్డు మబ్బుపట్టిపోయి రోజులు లెక్కపెట్టుకునే కంటికి నేనైతే దీన్నే ఎంచుకుంటాను. కాకపోతే కొన్ని వారాలకు ప్లేటు చుట్టూ పొర గట్టిపడి ప్రెషర్ మళ్లీ ఎక్కడం మామూలే, అప్పుడు ప్రెషర్ తగ్గించే కంటి చుక్కల మందు తప్పదు.

బేర్‌వెల్ట్‌కి వాల్వు లేదు. అందుకే ట్యూబ్‌ని కరిగిపోయే దారంతో బిగించి కడతారు, అది వదులయ్యే దాకా, అంటే 4 నుంచి 6 వారాలు, చుక్కలతోనే నెట్టుకురావాలి, ముందే తెరుచుకుంటే కన్ను మెత్తబడిపోతుంది, అసలు టెన్షన్ అక్కడే. ప్లేటు మాత్రం పెద్దది: 250 లేదా 350 చదరపు మిల్లీమీటర్లు, మామూలు అహ్మద్‌ది 184. అందుకే దీర్ఘకాలంలో ప్రెషర్ ఇంకాస్త తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ.

ఏది వేసినా పిల్లల కన్ను పెరుగుతుంది, వాళ్లు నలుపుకుంటారు, ట్యూబ్ కదిలి నల్లగుడ్డుకి తగలొచ్చు. చిన్నపిల్లలైతే మత్తు ఇచ్చి మరీ చూడాల్సి వస్తుంది, ఆ చెకప్‌లు దయచేసి మానొద్దు.