డిస్పోజల్ క్రేన్ బండి: మిలిటరీ రంగు కొట్టించాలా, గ్యారేజీ రంగుతోనే ఉంచాలా?

సాలూరు ఘాటీ ఎక్కి సుంకి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా ఒడిశా జయపురం దాకా లారీల మీద బతికిన మనవాళ్ల ఇళ్లలో ఈ బండి తెలియనివాళ్లు తక్కువే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక వేలంలో అమ్మేసిన మిలిటరీ బండ్లు, మనం డిస్పోజల్ లారీలు అనేవి ఉన్నాయే, వాటిలో వెనక క్రేను, ముందు వించి, అంటే తాడు చుట్టి లాగే యంత్రం, ఉన్న రికవరీ బండి. లారీ లోయలో పడిందంటే ముందు దీనికే కబురు వెళ్లేది. హైడ్రాలిక్ క్రేన్లు వచ్చాక వీటి పని అయిపోయింది. ఇప్పుడు గ్యారేజీల వెనక తుప్పల్లో, టైర్లు నేలలో దిగబడి, పాత ఇనుము వాడు ఎప్పుడొస్తాడా అన్నట్టు పడి ఉన్నాయి.

ఈమధ్య మళ్లీ గిరాకీ మొదలైంది. పుణె, ముంబై వైపు పాత బండ్లు సేకరించేవాళ్ల తరఫున మనుషులు వచ్చి అడుగుతున్నారు, ఇంట్లో కుర్రాళ్లేమో ఫొటోలు చూసి "దీన్ని మళ్లీ 1944లో ఉన్నట్టు చేద్దాం" అంటున్నారు. అమ్మకుండా ఉంచుకుందామనుకున్నవాడికి మూడు దారులు: విప్పి, గీకి, అసలు మిలిటరీ రూపానికి తేవడం, లేదా మన గ్యారేజీలో బతికిన రూపంతోనే తుప్పు ఆపి ఉంచడం, లేదా మ్యూజియానికి ఇచ్చేయడం. నా ఓటు రెండోదానికి. అయితే అన్ని బండ్లకీ కాదు, అది తేలాలంటే ముందు మీ పెరట్లో ఉన్నదేమిటో తెలియాలి.

వెనక రెండు బూములు, అంటే బరువెత్తే క్రేను చేతులు, కుడికొకటి ఎడమకొకటి విడివిడిగా తిరిగేవి ఉంటే అది అమెరికా డైమండ్ టీ 969 కావడానికి అవకాశం ఎక్కువ. నాలుగు టన్నుల బండి, ఆరు చక్రాలకీ పవర్, హెర్క్యులిస్ ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ 106 హార్స్‌పవర్, మీద హోమ్స్ కంపెనీ క్రేను. ఒక బూమును చెట్టుకో బండరాయికో బిగించి రెండోదానితో ఎత్తితే బండి పక్కకి ఒరగదు. ఇరుకు మలుపులున్న మన ఘాటీకి ఇది ఎందుకు సరిపోయిందో వేరే చెప్పక్కర్లేదు. ఒకటే పెద్ద క్రేను, బండి ఇంకా భారీగా ఉంటే అది అమెరికాదే ఇంకో మోడలు, ఎం1ఏ1 అవ్వొచ్చు. దాన్ని వార్డ్ లాఫ్రాన్స్, కెన్‌వర్త్ రెండు కంపెనీలూ ఒకే నమూనాలో చేశాయి కాబట్టి చూపుకి తేడా కనిపించదు, డ్యాష్‌బోర్డు మీది ప్లేటు చదవాల్సిందే. స్కామెల్ పయనీర్ అయితే ఇంగ్లండుది, గార్డ్‌నర్ డీజిల్ ఇంజిన్, 102 హార్స్‌పవర్, ముందు చక్రాలకి పవర్ ఉండదు. ఇవేవీ కాక, మామూలు అమెరికా మిలిటరీ జీఎంసీ లారీకి మనవాళ్లే గర్డర్లు వెల్డింగ్ చేసి క్రేను పెట్టుకున్నవి కూడా ఉంటాయి. జీఎంసీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి, కాబట్టి అది దొరికినంత మాత్రాన ఎగిరి గంతేయక్కర్లేదు. కానీ ఆ వెల్డింగు పని చేసినవాడి తెలివి చూసి మాత్రం గంతేయొచ్చు, నేనైతే వేస్తాను.

ఇక మొదటి దారి. అసలు రూపానికి తేవడంలో అందం ఉంది, కాదనను. ఆలివ్ పచ్చరంగు కొట్టి, బానెట్ మీద తెల్ల నక్షత్రం వేసి నిలబెడితే ఊరంతా చూడ్డానికి వస్తుంది. టైర్ల విషయంలో డైమండ్ టీ వాడు అదృష్టవంతుడు, దాని సైజు 9.00-20, అంటే మన టాటా లారీలకి దశాబ్దాలుగా వాడిన సైజే. స్కామెల్ వెనక టైరు 13.50-20, అది పట్టుకోవడానికి కాళ్లరగాలి. కష్టం ఇంజిన్ దగ్గర మొదలవుతుంది. పెట్రోల్ ఖర్చు తట్టుకోలేక మనవాళ్లు ఎప్పుడో హెర్క్యులిస్ తీసేసి టాటా-బెంజ్ ఇంజినో, లేలాండ్ ఇంజినో, పెర్కిన్సో ఎక్కించేశారు. ఇప్పుడు దాన్ని దింపి అమెరికా నుంచి హెర్క్యులిస్ తెప్పించి పెట్టారనుకోండి, క్యాబిన్ కూడా సాలూరులో కట్టిన చెక్క క్యాబిన్ కాబట్టి అదీ పీకేసి రేకుతో కొత్తది కట్టించారనుకోండి, చివరికి మిగిలే పాతది ఛాసిస్, ఇరుసులు, క్రేను. మిగతాదంతా మీ డబ్బుతో ఈమధ్య కొన్నది. దాన్ని 1944 బండి అని చూపించడానికి నాకు నోరు రాదు.

రోడ్డు మీద తిప్పుకుందామనే ఆశతో ఇంత ఖర్చు పెట్టేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు, ఆ వీఏ అక్షరాల నంబర్ ప్లేటు, టూవీలర్లకీ సొంతానికి వాడుకునే కార్ల వర్గానికీ మాత్రమే. 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం మారకూడదు అని కూడా అందులో ఉంది. లారీలు ఆ లెక్కలోకి రావు. కాబట్టి ఎంత బాగా చేయించినా ఆ నంబరు మీ క్రేన్ బండికి రాదు. ఏదైనా ప్రదర్శనకి తీసుకెళ్లాలంటే ట్రెయిలర్ మీద ఎక్కించి తీసుకెళ్లడమే నయం. పెయింటు కొట్టించి పోలీసుల దగ్గర నిలబడి వాదించే టెన్షన్ ఎందుకు?

రెండో దారిలో ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. నేను దీన్నే ఎందుకు మేలంటానంటే, డైమండ్ టీ యుద్ధంలో ఎలా ఉండేదో చూపించడానికి లోకంలో బండ్లు ఉన్నాయి, మాన్యువళ్లు ఉన్నాయి, అమెరికాలో చాటనూగా అనే ఊళ్లో ఏకంగా రికవరీ బండ్లకే మ్యూజియం ఉంది, ఎందుకంటే 1916లో ఎర్నెస్ట్ హోమ్స్ మొదటి టోయింగ్ క్రేను చేసింది ఆ ఊళ్లోనే. కానీ అదే బండి కోరాపుట్ ఘాట్లలో ఇన్ని దశాబ్దాలు ఏం చేసిందో చూపించేది మీ పెరట్లోది తప్ప ఇంకోటి లేదు. మార్చిన ఇంజిన్, చెక్క క్యాబిన్, ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన తలుపు, కాలికి అందేలా అతికించిన లారీ పెడల్, ఇవి కల్తీ కాదు, ఆ బండి చరిత్రలో పెద్ద భాగమే ఇది. యుద్ధంలో అది ఉన్నది మహా అయితే మూడు నాలుగేళ్లు.

రంగు సంగతి కాస్త వివరంగా చెప్తాను. తలుపు కింద మూలలో, ఎవరికీ కనిపించని చోట, అగ్గిపెట్టె అంత జాగా టేపుతో గుర్తు పెట్టుకోండి. నీళ్లు పోస్తూ, నంబర్ నాలుగొందల వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్దండి. ఎండుగా రుద్దకండి, పాత రంగుల్లో సీసం ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. ఉదాహరణకి పైన పసుపు ఉంటే అది పోతుంది, కింద నీలం, దాని కింద ఎర్ర ప్రైమరో బూడిద రంగో, అట్టడుగున ఆలివ్ పచ్చ. ఒక్కో రంగు బయటపడ్డప్పుడు చుట్టూ చిన్న అంచు వదిలేస్తూ లోపలికి వెళ్తే మెట్లు మెట్లుగా అన్ని రంగులూ ఒకేచోట కనిపిస్తాయి. నీలం ఎప్పటిదో, ఏ యజమాని వేయించాడో ముసలి పెయింటర్లని అడిగితే తెలుస్తుంది. మొత్తం బండిని గీకించేస్తే ఇదంతా మట్టిలో పోతుంది. అందుకే రంగు కొట్టించాలని ఎంత తహతహగా ఉన్నా ఈ అగ్గిపెట్టె పని ముందు చేయండి, ఫొటో తీయండి. పైన మెరుపు వార్నిష్ మాత్రం కొట్టకండి, దాని కింద తేమ చేరి మన వానలకి పొరలు పొరలుగా లేస్తుంది. పైకప్పు వేయండి, నాలుగు వైపులా గాలి ఆడనివ్వండి, టైర్లు నేలకి ఆనకుండా దిమ్మల మీద లేపండి, కోరాపుట్ వానకి అంతకంటే మందు లేదు.

చరిత్ర వెతకడంలో కూడా ఇలాంటి పోటీయే ఉంది: ఇనుమును నమ్మాలా, కాగితాన్నా, మనుషుల మాటనా? ఇనుము అబద్ధం ఆడదు కానీ కొంచెమే చెబుతుంది. అమెరికా బండ్ల డ్యాష్‌బోర్డు మీద ప్లేటులో మోడలు, సీరియల్ నంబరు, సైన్యానికి అప్పగించిన తేదీ ఉంటాయి. అది ఊడిపోయి ఉంటే ఛాసిస్ మీద కొట్టిన నంబరే దిక్కు. బానెట్ పక్కన రంగు కింద నంబరు కనిపించి చివర ఎస్ అని ఉంటే, రేడియోకి అడ్డం రాకుండా ఇంజిన్ వైరింగు చేశారని అర్థం. బ్రిటిష్ లెక్కలో వచ్చినవాటికి లారీ అయితే ఎల్‌తో, ట్రాక్టర్ అయితే హెచ్‌తో మొదలయ్యే నంబర్లు. స్వతంత్రం వచ్చాక కూడా మన సైన్యంలో నడిచిన బండి అయితే బాణం గుర్తు, దాని పక్కన సంవత్సరానికి రెండంకెలు ఉంటాయి. క్యాబిన్ చూసి మాత్రం ఏమీ తేల్చకండి. డైమండ్ టీకి మొదట్లో రేకు క్యాబిన్, 1943 నుంచి గుడ్డ కప్పు క్యాబిన్ వచ్చాయి, మనవాళ్లు రెండూ తీసేసి చెక్కది కట్టారు.

కాగితం అంటే పాత సీ బుక్కు. అమెరికా ఇక్కడ మిగిల్చిన యుద్ధ సామాను 1946 ఒప్పందంతో భారత ప్రభుత్వానికి వచ్చింది, అక్కణ్నుంచి వేలాలు, అక్కణ్నుంచి చేతులు మారడం. చాలా సీ బుక్కుల్లో తయారీ సంవత్సరం దగ్గర రిజిస్ట్రేషన్ అయిన ఏడాదే రాసి ఉంటుంది, కాబట్టి ప్లేటుకీ పుస్తకానికీ తేడా వస్తే ప్లేటుదే మాట. కానీ యజమానుల వరస, ఇంజిన్ ఎప్పుడు మారిందీ పుస్తకంలోనే దొరుకుతాయి. టాటా-బెంజ్ ఇంజిన్ అని ఉంటే 1954కి ముందు మార్చింది కాదని అక్కడే తేలిపోతుంది, వాళ్ల పొత్తు మొదలైందే ఆ ఏడాది.

ఇక మనుషుల మాట. తేదీలకి పనికిరాదు, పనికి మాత్రం ఇదొక్కటే సాక్ష్యం. జయపురంలో ఒక పాత క్లీనర్ తాతని బండి ఏ కంపెనీదని అడిగితే, "కంపెనీ ఏటో నాకెందుకు బాబూ, సుంకి దిగువన బియ్యం లారీ పడిపోతే రాత్రంతా దీంతోనే లాగినాం, తెల్లారేసరికి రోప్ సగం తెగిపోనాది" అన్నాడు. వెనక రోలర్ మీద తాడు ఒరిసిన లోతైన గీతలు ఉన్నాయి, అవి చూసేదాకా తాత మాట కబుర్ల లెక్కలోనే వేసుకున్నాను. మాటనీ ఇనుమునీ ఇలా పక్కపక్కన పెట్టి చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో సైన్యంలో బండ్లు బాగుచేసే ఈఎంఈ కోర్ నుంచి రిటైరైన మెకానిక్కులు ఉంటారు, సికింద్రాబాద్‌లో ట్రైనింగ్ అయినవాళ్లు. 1943లో మొదలైన ఆ కోర్‌కి రికవరీయే సొంత పని. క్రేను మీద ఏది అసలుది, ఏది మన అతుకో వాళ్లు ఒక్క చూపుతో చెబుతారు.

మూడో దారి, మ్యూజియం. మహారాష్ట్రలో ఇప్పుడు అహిల్యానగర్ అంటున్న అహ్మద్‌నగర్‌లో 1994 నుంచి ఉన్న ట్యాంకుల మ్యూజియం ఉంది, గురుగ్రామ్ దగ్గర తావడూలో 2013లో పెట్టిన రవాణా మ్యూజియం ఉంది. జాగ్రత్త బాగుంటుంది, నీడ ఉంటుంది. కానీ మ్యూజియంలో చేరిన బండికి యుద్ధం కథే ముందుకొస్తుంది, జయపురం గ్యారేజీ చిన్న బోర్డుకి కూడా నోచుకోకపోవచ్చు. ఇంట్లో చూసుకునేవాళ్లు లేకపోతే, తుప్పులో కరిగిపోయేకంటే ఇదే మేలు. రంగు మార్చకూడదని రాతపూర్వకంగా ఒప్పించుకుని ఇవ్వండి.

మొదటి దారికి నేను ఒప్పుకునే సందర్భాలు రెండు. అసలు ఇంజిన్‌తోనే మిగిలిన స్కామెల్ లాంటివి, డీజిల్ కాబట్టి ఎవరూ పీకలేదు, వాటిని శుభ్రం చేసి నడిపించడంలో పోయేదేమీ లేదు. అంగుళం లెక్క పాత ఇంగ్లిష్ స్పానర్లు మాత్రం సిద్ధం చేసుకోండి, మన మెట్రిక్ సెట్టు పట్టదు. రెండోది, క్యాబిన్ ఎప్పుడో కుళ్లిపోయి రంగూ రాతా ఏమీ మిగలని ఛాసిస్, దాన్ని మీ ఇష్టం వచ్చినట్టు కట్టుకోండి.

ఏ దారి పట్టినా క్రేనుతో బరువు ఎత్తాలనుకుంటే పాత వైర్ రోప్, హుక్కు తీసేసి కొత్తవి వేయండి, అవి చరిత్ర పేరుతో ఉంచేవి కావు. తీసిన ముక్క మీద చీటీ కట్టి డబ్బాలో పడేయండి. సీ బుక్కు జిరాక్సు, ప్లేటు ఫొటో, రంగు మెట్ల ఫొటో, తాత చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసిన ఫైలు, ఇవన్నీ ఒక్కచోట ఉంచండి. రేపు పుణె వాళ్లకే అమ్మాల్సి వచ్చినా బండితో పాటు ఆ డబ్బా కూడా వెళ్లాలి, దాన్ని ధరలో కలిపి అడగడానికి మొహమాటపడకండి.