పంచాయతీ ట్యాంకు నీళ్లకు డీపీడీ మాత్రల కిట్: పసుపు మందు కంటే ఇదే మేలు

ట్యాంకులో బ్లీచింగ్ వేశారో లేదో వాసన పట్టి చెప్పేవాళ్లు ఊరూరా ఉంటారు. ఆ వాసనను నమ్మకూడదు. నీళ్లలో అమ్మోనియా ఉంటే క్లోరిన్ దానితో కలిసి ఘాటుగా వాసన కొడుతుంది, క్రిముల్ని చంపే శక్తి మాత్రం బాగా తగ్గిపోతుంది. తెలియాల్సింది చివరి వీధి కుళాయిలో మిగులు క్లోరిన్, అంటే దేనితోనూ కలిసిపోకుండా మిగిలిన క్లోరిన్, ఎంతుందని. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

పాత ఆర్థోటోలిడిన్ చుక్కల మందు పసుపు రంగు చూపిస్తుంది. 0.2కీ 0.5కీ తేడా కంటికి సరిగా ఆనదు, పైగా నీళ్లలో ఇనుమో మాంగనీసో ఉన్నా పసుపు తిరుగుతుంది. మందు కూడా ఒంటికి మంచిది కాదు. క్లోరిన్ తగిలితే రంగు తిరిగే డీపీడీ అనే రసాయనంతో చేసిన మాత్ర గులాబీ రంగునిస్తుంది, మెట్లు స్పష్టంగా తెలుస్తాయి. అరచేతిలో పట్టే డబ్బాలో ఒక గది క్లోరిన్‌కి, ఇంకోటి నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే పీహెచ్‌కి. పీహెచ్ 8 దాటితే అదే క్లోరిన్ బలహీనపడుతుంది కాబట్టి రెండో గదినీ వాడాలి.

కుళాయిని రెండు మూడు నిమిషాలు వదిలి, అవే నీళ్లతో గదిని రెండుసార్లు కడిగి, గీత దాకా నింపాలి. మిగులు క్లోరిన్ చూపే డీపీడీ-1 మాత్రను రేకు చించి నేరుగా అందులో పడేయాలి, వేలు తగలకూడదు. మూత బిగించి కరిగేదాకా తిప్పి, వెనక తెల్ల కాగితం పెట్టి, నిమిషంలోపే రంగు చూడాలి. ఆలస్యమైతే రంగు ముదిరి లేని క్లోరిన్ ఉన్నట్టు కనిపిస్తుంది.

కిట్‌తో వచ్చే చిక్కులు రెండు. అమ్మోనియాతో కలిసిన క్లోరిన్‌ను కూడా చూపే డీపీడీ-3 మాత్ర వేసిన గదిని సరిగా కడగకపోతే, తర్వాతి పరీక్షలో అంకె ఎక్కువ చూపిస్తుంది. రెండోది ప్రమాదకరం: క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి తెల్లబడిపోతుంది. సున్నా అనుకుని ఇంకా బ్లీచింగ్ పోస్తారు! అనుమానమొస్తే కుళాయి నీళ్లు సగం, క్లోరిన్ లేని నీళ్లు సగం కలిపి మళ్లీ చూడాలి, వచ్చిన అంకెను రెట్టింపు చేసుకోవాలి.

సున్నా నిజంగానే వస్తే ముందు బ్లీచింగ్ మోతాదు చూడాలి. 40,000 లీటర్ల ట్యాంకులో లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ రావాలంటే 33 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ సుమారు 240 గ్రాములు. నెలల తరబడి తెరిచి ఉంచిన బస్తాలో బలం 20 శాతానికి పడిపోతే 400 గ్రాములు కావాలి. పౌడర్‌ని ట్యాంకులో గుమ్మరించకూడదు, సున్నం అడుక్కి చేరుతుంది. బకెట్‌లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, తేరిన నీటిని ట్యాంకు నిండుతుండగా పోయాలి. అరగంట ఆగాకే వాల్వు తిప్పాలి. ట్యాంకు దగ్గర 1 ఉండి చివరి కుళాయిలో సున్నా వస్తే పైపు పట్టుకుని నడవాలి: మురికి కాలువలో మునిగిన జాయింట్లే మొదట చూడాలి. సరఫరా ఆగిన గంటల్లో ఆ కాలువ నీళ్లను పైపులు లోపలికి పీల్చుకుంటాయి.

ఫ్లోరైడ్, నైట్రేట్ సంగతి ఈ కిట్ చెప్పదు, వాటికి ల్యాబే దిక్కు.

కొనేటప్పుడు అట్ట మీద "ర్యాపిడ్" అని ఉన్న మాత్రలే అడగండి. "ఫోటోమీటర్" అని ఉన్నవి మిషన్ల కోసం చేసినవి, నలపకపోతే త్వరగా కరగవు. గడువు తేదీ చూడండి, అట్టల్ని పంపు గది తేమలో ఉంచకండి.