ముంబైలో గది అన్నారు, వసయిలో దించారు

ముంబై వెళ్లే మనవాళ్లకు ముందుగా ఒక మాట. గది బుక్ చేసుకునేటప్పుడు చిరునామాలో పిన్‌కోడ్ చూడండి. అది 400001 నుంచి 400104 లోపు ఉంటేనే ముంబై నగరం. మేము ఆ పని చేయలేదు. రాత్రికి 2,400 చొప్పున మూడు రాత్రులకు 7,200 రూపాయలు ముందే కట్టేశాం.

ప్రకటనలో "ముంబై, రైల్వే స్టేషనుకు ఐదు నిమిషాల నడక" అని ఉంది. నడక ఐదు నిమిషాలే, కానీ ఆ స్టేషను వసయి రోడ్. దక్షిణ ముంబైలోని చర్చిగేట్ స్టేషను నుంచి యాభై కిలోమీటర్లకు పైనే. విశాఖ నుంచి వచ్చి లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగి, కుర్లాలో లోకల్ ఎక్కి, దాదర్‌లో లైను మారి, సామాన్లతో, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో అక్కడికి చేరేసరికి మా ఆవిడ మాట్లాడటం మానేసింది. గదిలో వేడినీళ్లు ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకే. మేము వెళ్లింది పదింటికి. తువ్వాలు అడిగితే 50 రూపాయలు అదనం అన్నారు.

"ముంబై అని రాశారు కదా" అని మేనేజరును నిలదీశాను. "ఇది ముంబై మెట్రోపాలిటన్ రీజియనే కదా సార్" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు, నాకు మంట పుట్టించిందీ అదే. ఆ రీజియన్‌లో బృహన్ముంబైతో పాటు ఠాణే, కల్యాణ్-డోంబివలి, నవీ ముంబై, మీరా-భాయందర్, వసయి-విరార్, భివండీ, ఉల్హాస్‌నగర్, పన్వేల్, అన్నీ కలిపి తొమ్మిది నగరపాలక సంస్థలున్నాయి. వసయి అయితే జిల్లా కూడా వేరు, పాల్ఘర్. అంత విశాలమైన ప్రాంతానికంతటికీ ఒకే పేరు తగిలించి గది అమ్మడం మోసం కాక ఏమిటి?

అసలు ముంబై ఎలా ఉందో తెలిస్తే ఎవరూ ఇలా మోసపోరు. దక్షిణాన కొలాబా నుంచి మాహిం, సయన్ వరకు ఉన్నది పాత నగరం. ఒకప్పుడు అవి ఏడు దీవులు, మధ్యలోని సముద్రాన్ని పూడ్చి ఒక్కటి చేశారు. ఆ పైన బాంద్రా మొదలు ఉత్తరానికి సాష్టీ అనే పెద్ద దీవి, శివారులన్నీ దాని మీదే. తూర్పున ఠాణే పాయ దాటితే నవీ ముంబై, ఉత్తరాన వసయి పాయ దాటితే వసయి. ఆ రెండూ ప్రధాన భూభాగం మీద ఉన్నాయి. నగరం చూడటానికి వెళ్లేవాళ్లు ఈ పాయలకు ఇవతలే దిగాలి. ఇంకో సంగతి, ఆటోలు శివారుల్లోనే తిరుగుతాయి, మాహిం, సయన్ దాటి దక్షిణానికి రావు. అక్కడ టాక్సీయే గతి. 2025 ఫిబ్రవరి నుంచి ఆటో కనీస చార్జీ 26, టాక్సీకి 31.

గదిలో దిగిన రోజు సాయంత్రం గేట్‌వే ఆఫ్ ఇండియా చూసి చర్చిగేట్‌లో విరార్ లోకల్ ఎక్కాం. అమ్మ, మా ఆవిడ ఆడవాళ్ల పెట్టెలో, నేను పక్క పెట్టెలో. అంధేరీ దాటేసరికి నా చెప్పు ఒకటి ఎవరి కాలి కిందో ఉండిపోయింది, వంగి తీసుకునే చోటు లేదు. వసయిలో దిగాక అమ్మ ముఖం వాడిపోయి ఉంటుందని భయపడ్డాను. నవ్వుతూ వచ్చింది. ముగ్గురు కూర్చునే సీటులో నాలుగో మనిషిగా ఆమెను సర్దుకుని కూర్చోబెట్టిన ఒక మరాఠీ ఆవిడ, తన సంచిలోని బఠాణీలు వొలుస్తూ అమ్మ చేతికీ నాలుగు కాయలిచ్చిందట. భాష తెలియకుండానే ఇద్దరూ దారంతా బఠాణీలు వొలిచారు.

వసయి కోట బాగుంది, అది ఒప్పుకోవాలి. 1739లో మరాఠా సేనాని చిమాజీ అప్పా పోర్చుగీసుల నుంచి గెలుచుకున్న కోట. శిథిలమైన చర్చిల గోడల మధ్య ఒక ఉదయం హాయిగా గడిచింది. కానీ అందుకోసం అక్కడ ఉండనక్కరలేదు, పగటి పూట వచ్చి చూసి వెళ్లవచ్చు.

కోట నుంచి తిరిగి వచ్చి గది ఖాళీ చేశాం. మిగిలిన రెండు రాత్రుల 4,800 రూపాయలు తిరిగి ఇవ్వలేదు, బుకింగ్ యాప్‌కు పెట్టిన ఫిర్యాదుకు ఇంతవరకు జవాబు లేదు. దాదర్‌లో 3,100కు దొరికిన చిన్న గది నా లెక్కన దీనికంటే చవక. అక్కడి నుంచి పొద్దున్నే మాటుంగా వెళ్లి ఇడ్లీ, కాఫీ తీసుకున్నాక మా ఆవిడ మళ్లీ మాట్లాడింది.

వసయి నుంచి దాదర్ వచ్చిన ఆ మధ్యాహ్నం బండి దాదాపు ఖాళీ, ముగ్గురం ఒకే చోట కూర్చున్నాం. నాయిగావ్ దాటగానే వంతెన మొదలైంది, కింద బురద రంగు నీళ్లు. "ఏ నదిరా ఇది?" అంది అమ్మ. ఉల్హాస్ నది సముద్రంలో కలిసే పాయ అని చెప్పాను. కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కిటికీ ఊచల మధ్య నుంచి నీళ్లలోకి వదిలి దణ్ణం పెట్టుకుంది.