556 ఎపాక్సీ, 951 హార్డెనర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

రేణిగుంట దగ్గర మా షెడ్డులో ఫైబర్ పని చేస్తాం. మోటార్ల కవర్లు, ప్యానెల్ బాక్సులు, అప్పుడప్పుడు ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టులకు గ్లాస్ ఫైబర్ షీట్లు. గ్లాస్ ఫైబర్‌ను పట్టి ఉంచే జిగురు ఎల్‌వై 556 ఎపాక్సీ రెజిన్‌తో, దాన్ని గట్టిపరిచే హెచ్‌వై 951 హార్డెనర్ కలిపి ఏళ్లుగా వాడుతున్నాను. సరుకు మంచిది, పట్టు గట్టిది. కానీ ఓవెన్ లేకుండా వాడితే దాని అసలు సత్తా మీ చేతికి రాదు.

100 గ్రాముల రెజిన్‌కు 10 గ్రాముల హార్డెనర్, తూకం వేసే కలపాలి. పాలియెస్టర్ రెజిన్‌తో పని నేర్చుకున్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. అందులో కేటలిస్ట్ (రియాక్షన్‌ను నడిపించే మందు) కాస్త ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుంది. ఎపాక్సీలో హార్డెనర్ కూడా రెజిన్‌తో కలిసి ముక్కలో భాగమైపోతుంది. ఎక్కువైతే జత దొరకని అమైన్ (హార్డెనర్‌లోని రసాయనం) లోపలే మిగిలి బలం తగ్గిస్తుంది.

మే నెలలో తిరుపతి ఎండ 40 దాటినప్పుడు కలిపినదాన్ని మగ్గులో వదిలేయకండి. తన వేడికి తానే ఉడుకుతుంది. ముందు మగ్గు వెచ్చబడుతుంది, తర్వాత మధ్యలో తీగ సాగుతుంది, ఆపైన పొగే. మేం కొద్దికొద్దిగా కలిపి వెడల్పాటి ట్రేలో పలచగా పోసుకుంటాం. ఎండాకాలం లేఅప్ పనంతా, అంటే అచ్చులో ఫైబర్ పొరలు పరిచి రెజిన్ పట్టించడం, తెల్లవారుజామునే.

ఇక అసలు సంగతి. మర్నాటికి ముక్క రాయిలా ఉంటుంది, గోరు దిగదు. పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. గట్టిపడేకొద్దీ అణువులకు కదలిక తగ్గి, గది వేడికి రియాక్షన్ మధ్యలోనే నిలిచిపోతుంది. అలాంటి ముక్క మెత్తబడే ఉష్ణోగ్రత, అది ఆరిన వేడి కన్నా ఏమంత పైన ఉండదు. ఎండలో నల్ల కవరు గాలి కన్నా బాగా వేడెక్కుతుంది కదా, బోల్టు బిగించిన చోట మెల్లగా కుంగిపోతుంది.

అందుకే ఒక రోజు అచ్చులో ఉంచాక ఓవెన్‌లో పెట్టి, నిదానంగా 80 డిగ్రీలకు తెచ్చి కొన్ని గంటలు ఉంచుతాం. వేడి ఒక్కసారిగా పెంచితే ముక్క మెత్తబడి వంకర పోతుంది. అయ్యాక తలుపు తీయకుండా చల్లారనివ్వాలి. తేడా కోసేటప్పుడు తెలుస్తుంది: ఓవెన్ చూడని ముక్క పొట్టు బ్లేడుకు అంటుకుంటుంది, చూసినది పొడిపొడిగా రాలుతుంది. కాలేజీ పిల్లలు టెస్టుకు తీసుకెళ్లే ముక్కలను కూడా ఇలా ఓవెన్‌లో పెట్టి పోస్ట్ క్యూర్ చేయనిదే ఇవ్వను. రేపే సబ్మిషన్ అన్నా అంతే.

నవంబరు వానల్లో పైన జిడ్డు పొర కడుతుంది. అమైన్ గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలవడం వల్ల వచ్చేది. గోరువెచ్చని నీళ్లతో కడిగి తుడిచాకే ఎమెరీ పేపర్ పట్టండి, లేకపోతే పెయింటు నిలవదు. ఎండలో ఉండే వస్తువుకు పెయింటు తప్పనిసరి. ఉత్త ఎపాక్సీ పచ్చబడి, పైపైన పొడి రాలుతుంది.

హార్డెనర్ చర్మానికి మంచిది కాదు, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. సీలు ఉన్న డబ్బానే కొనండి. విడిగా సీసాలో పోసి ఇచ్చింది ఒకసారి తెచ్చాను, అప్పటికే తేమ పట్టి ఉంది. ఆ దుకాణం మానేశాను.