వెడల్పాటి వంపు గాడికి ఏది మేలు: రూటరా, చిత్రికా, టేబుల్ రంపమా?

మా పూజ మందిరం పైన కార్నిసుకు (పై అంచు చుట్టూ వచ్చే అలంకార పట్టీకి) లోపలికి వంగిన గాడి కావాల్సి వచ్చింది. టేకు బద్ద, గాడి 60 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. లోతు. దీనికి మూడు దారులున్నాయి, మూడూ నేను పట్టి చూసినవే. ఈ కొలతకు నా ఓటు టేబుల్ రంపానికే.

రూటర్ (కోసే బిట్‌ను గిర్రున తిప్పి చెక్కను తొలిచే యంత్రం) సంగతి ముందు తేల్చేస్తాను. చెక్క అంచున చిన్న వంపు తీయాలంటే అంచు వెంట నడిపే బేరింగ్ ఉన్న కోవ్ బిట్‌ను (వంపు గాడి తీసే బిట్‌ను) మించింది లేదు. నునుపు కూడా దానంతటదే వస్తుంది. కానీ నాకు కావలసిన వంపుకు లెక్కేస్తే 75 మి.మీ. వ్యాసమున్న బిట్ కావాలి. అంత బిట్‌ను చేతి రూటర్‌లో తిప్పడం ప్రమాదం. నేను చెయ్యను, ఎవరినీ చెయ్యమనను.

అడుగు గుండ్రంగా ఉబ్బి ఉండే చిత్రిక (తెలంగాణలో రందా అంటారు) అంటే నాకు ప్రాణం. దుమ్ము లేదు, హోరు లేదు, పొట్టు చుట్టలు చుట్టలుగా పాదాల మీద పడుతుంది. మూరెడు బద్ద ఒక్కటే అయితే ఇప్పటికీ అదే తీస్తాను. కార్నిసుకు మాత్రం మూలల్లో రెండు బద్దలు 45 డిగ్రీల కోతతో కలవాలి. చేత్తో తీసిన వంపు ఒక చోట వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ అతుకు దగ్గర పట్టిచ్చేస్తుంది.

టేబుల్ రంపంలో ఆ బాధ లేదు. పొడవాటి బద్ద మీద ఒకేసారి గాడి తీసి, తర్వాత ముక్కలు కోసుకుంటాం. కిటుకంతా ఏటవాలులో ఉంది. చెక్కను బ్లేడుకు ఎదురుగా కాకుండా ఓరగా తోస్తే, గుండ్రటి బ్లేడు వంపు గాడిని తొలుస్తుంది. 10 అంగుళాల బ్లేడును 15 మి.మీ. లేపితే టేబుల్ పైన కనిపించే పొడవు సుమారు 120 మి.మీ. అందులో సగం వెడల్పు కావాలి కాబట్టి బ్లేడుకు, ఫెన్స్‌కు (బద్దను ఆనించి తోసే అడ్డుచెక్కకు) మధ్య కోణం 30 డిగ్రీలు. బ్లేడు మందం వల్ల మరో రెండు మూడు మి.మీ. కలుస్తుంది, కోణం కాస్త తగ్గించి తుక్కు చెక్క మీద చూసుకోవాలి.

ఫెన్స్‌గా తిన్నటి చెక్కను టేబుల్‌కు రెండు చివరలా క్లాంపులతో బిగిస్తాను, బ్లేడుకు మన వైపు. పళ్ళు మన వైపు తిరుగుతూ చెక్కను మన వైపే నెడతాయి, ఆ నెట్టుడు ఫెన్స్ మీద పడాలి. అవతల పక్క రెండో చెక్క బిగిస్తే బద్ద ఎటూ జరగదు. ఇప్పుడు బ్లేడును పూర్తిగా దించి, ఒక్కో తోపుకు 1.5 మి.మీ. మించకుండా లేపుతూ పోవాలి. పది పన్నెండు తోపులు పడతాయి. ఒకసారి నేను తొందరపడి ఒకేసారి 4 మి.మీ. లేపాను. బద్ద ఎగిరి ఫెన్స్‌ను వదిలేసింది, గాడి అంచు జానెడు మేర చీరుకుపోయింది, మంచి టేకు పొయ్యిపాలయింది. ఈ పనికి బ్లేడు మీది కవచం, వెనకున్న చీలిక పలక (కోత మూసుకుపోయి బ్లేడును పట్టెయ్యకుండా ఆపేది) రెండూ తీసేయాలి కాబట్టి తోపుడు దిమ్మలు లేకుండా మొదలుపెట్టవద్దు. చెయ్యి ఏ క్షణంలోనూ బ్లేడు మీదుగా పోకూడదు.

దీని లోటు నునుపు. గాడి నిండా పళ్ళ చారలుంటాయి. చివరి తోపు అర మి.మీ. మాత్రమే తీసి, నెమ్మదిగా నడిపితే చాలా తగ్గుతాయి. ఆపైన వంపుకు సరిపడే పైపు ముక్కకు 80 నంబరు గరుకు కాగితం చుట్టి రుద్దాలి, తర్వాత 120, 180. ముందు గాడి అంతటా పెన్సిలుతో అడ్డగీతలు గీసుకుంటాను. టార్చి పక్కవాటుగా పట్టి చూస్తే గీతలు మిగిలిన చోటల్లా చారలు ఇంకా ఉన్నట్టే.