‘కాలచక్ర ఎనర్జీ’ కోర్సుకు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి

అందరికీ నమస్కారం. ధ్యానం, బౌద్ధం, ఎనర్జీ హీలింగ్ అంటూ ఆన్‌లైన్‌లో వెతుక్కుంటున్న మన తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. పోయిన ఏడాది ఒక ‘మాస్టర్’ గారి దగ్గర మూడు లెవెల్స్ కోర్సు కొన్నాను. మొదటిది 4,500, రెండోది 19,000, మూడోది 45,000. మొత్తం 68,500 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆయన మాట నమ్మి బీపీ మాత్రలు ఆపేసి, ఒక రాత్రంతా ఎమర్జెన్సీ వార్డులో ఉన్నాను. ఇంకొకరికి ఆ రాత్రి రాకూడదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఎవరి పేరూ రాయను. నిజానికి పేరు కంటే పద్ధతి తెలియడమే ముఖ్యం. ఇదే పద్ధతి వేరే పేర్లతో మీ ఫోన్‌లోకి కూడా రావచ్చు.

అమ్మ పోయాక నాకు నిద్ర సరిగ్గా ఉండేది కాదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి ఫోన్ పట్టుకునేదాన్ని. తెలిసినవాళ్ళు ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. అందులో మొదట్లో అమ్మకం వాసనే లేదు, అన్నీ చర్చలే. ఆత్మ లేదంటే పునర్జన్మ ఎవరికి? బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి శూన్యం, శంకరుల బ్రహ్మం ఒకటేనా? బుద్ధుడు దేవుడి గురించి ఎందుకు మాట్లాడలేదు? రిటైరైన లెక్చరర్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, డల్లాస్ నుంచి ఒకావిడ, అందరూ పోటీపడి రాసేవారు. నాకు చాలా నచ్చింది. మా ఇంట్లో ఇలాంటివి మాట్లాడుకోవడానికి ఎవరూ లేరు. ఆ గ్రూపు నాకు తోడైంది, అబద్ధం చెప్పను.

చర్చ వేడెక్కి ఒకరినొకరు మాటలనుకునే దాకా వచ్చేది. సరిగ్గా అప్పుడు మాస్టర్ గారి వాయిస్ మెసేజ్ వచ్చేది. గొంతు చాలా నెమ్మదిగా, ప్రేమగా ఉంటుంది. “మాటలతో ఎంతకాలం నాయనా? పుస్తకం చదివితే ఆకలి తీరుతుందా? అనుభవం కావాలంటే నా దగ్గరకు రండి.” మర్నాడు పొద్దున్నే రిజిస్ట్రేషన్ లింకు, ‘ఇంకా 7 సీట్లే’ అని. ఆ సమయంలో ఇందులో వ్యాపారం ఉందని నాకు తట్టలేదు. గ్రూపు నుంచి నన్ను తీసేశాక పాత మెసేజ్‌లన్నీ వెనక్కి జరిపి చూశాను. పెద్ద గొడవ జరిగిన ప్రతిసారీ ఒకటి రెండు రోజుల్లో లింకు వచ్చింది. గొడవ మొదలుపెట్టింది కూడా ప్రతిసారీ మాస్టర్ గారి ముగ్గురు వాలంటీర్లే. వాళ్ళు చేర్చిన ఒక్కొక్కరికీ ఇంత అని కమీషన్ ఉందని, వాళ్ళలో ఒకమ్మాయే తర్వాత నాకు ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది.

లెవెల్ వన్ మామూలే. ఆదివారం జూమ్‌లో మూడు గంటలు, ఏడు చక్రాల బొమ్మలు, చివర్లో ‘మీ అనాహతం బ్లాక్ అయింది మేడమ్’ అన్నారు. అమ్మ పోయిందని ఫారమ్‌లో నేనే రాశాను. అది చూసే గుండె దగ్గర బ్లాక్ అన్నారని అప్పుడు తోచలేదు, ఆయనకు అంతా తెలిసిపోయిందనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

లెవెల్ టూలో కొరియర్ వచ్చింది. ఒక మాల, ఒక ధూపం డబ్బా, ఒక కంచు బౌల్. టిబెట్ మఠంలో లామాలు మంత్రించిన ఏడు లోహాల బౌల్ అని, అందుకే ఫీజు అంత అని చెప్పారు. అడుగున గుండ్రంగా ఎర్రటి ఫెల్ట్ గుడ్డ అతికించి ఉంది. రెండు నెలల తర్వాత తుడుస్తుంటే అది అంచున లేచింది. కింద సగం చిరిగిన కాగితం స్టిక్కర్, దాని మీద మొరాదాబాద్ అన్న ఊరి పేరు, 650 అన్న ధర. మొరాదాబాద్ ఇత్తడి పనికి పేరున్న ఊరు, ఆ బౌల్‌ను తప్పుపట్టడానికి లేదు, మోగిస్తే మంచి నాదమే వస్తుంది. ఆ ఫెల్ట్ గుడ్డ ఎందుకు అతికించారన్నదే నా బాధ.

అసలు ప్రమాదం లెవెల్ టూ సాధనలో ఉంది. తెల్లవారుజామున లేచి నలభై నిమిషాలు వేగంగా శ్వాస తీసి వదలాలి, మధ్యమధ్యలో బిగబట్టాలి, దృష్టి నడినెత్తి మీద పెట్టాలి. ఎవరికి బీపీ ఉంది, ఎవరికి గుండె జబ్బు ఉంది, ఎవరు మానసిక వైద్యం తీసుకుంటున్నారు అని ఒక్క మాట అడగలేదు. ఆరో రోజుకు ఒళ్ళంతా సెగలు, చేతులు వణుకు, చెవిలో హోరు. ఉన్న కాస్త నిద్రా పోయింది. మెసేజ్ పెడితే ‘క్లెన్సింగ్ జరుగుతోంది, మీరు అదృష్టవంతులు’ అన్నారు. తొమ్మిదో రోజు వాయిస్ మెసేజ్: “ఇంగ్లీషు మాత్రలు ఎనర్జీని అడ్డుకుంటాయి. 21 రోజులు ఆపి చూడండి, మళ్ళీ వాటి అవసరమే రాదు.” ఆపేశాను. ఎనిమిదేళ్ళుగా రోజూ వేసుకుంటున్న మాత్రను ఒక గొంతు విని ఆపేశాను.

ఆ తర్వాత ఐదో రాత్రి తల పగిలిపోయే నొప్పి, వాంతి, చూపు మసక. తమ్ముడు పక్క వీధిలోనే ఉంటాడు కాబట్టి సరిపోయింది. “అక్కా, ముందు బండెక్కు, తర్వాత మాట్లాడదాం” అని తీసుకెళ్ళాడు. బీపీ 200 దాటి ఉంది. డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. ‘మాత్ర ఎప్పుడు ఆపారమ్మా? ఎవరు ఆపమన్నారు?’ అని అడిగి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విని కేస్ షీటులో రాసుకుంది. విసుక్కోలేదు. తెల్లవారాక వెళ్ళేముందు మంచం దగ్గరకొచ్చి, “ధ్యానం మానమని నేను చెప్పనమ్మా. డాక్టర్ని అడగకుండా మాత్ర మానకండి” అంది.

మూడో లెవెల్ డబ్బు అప్పటికే కట్టేశాను. తిరిగి ఇవ్వమంటే ‘ఎనర్జీ మీకు పంపేశాం, వెనక్కి తీసుకోవడం కుదరదు’ అన్నారు. గ్రూపులో మర్యాదగానే ఒక ప్రశ్న పెట్టాను. ‘అనాత్మ, అంటే ఆత్మ లేదు అని ఇన్నాళ్ళు చర్చించాం కదా, మరి ఈ ఎనర్జీ, ఈ చక్రాలు, మాత్రలు ఆపమనడం, ఇవి బుద్ధుడు ఎక్కడ చెప్పాడో దయచేసి చూపిస్తారా?’ పది నిమిషాల్లో ‘అహం మాట్లాడుతోంది’ అని ఒకరు, ‘గురుద్రోహం’ అని ఇంకొకరు, ‘ఈవిడకు నెగెటివ్ ఎంటిటీ పట్టింది’ అని మరొకరు. ఇరవై నిమిషాలకు నన్ను తీసేశారు. నెలల తరబడి వాదనలు జరిగిన చోట జవాబు రాని ప్రశ్న అదొక్కటే.

తర్వాత కూర్చుని నేనే వెతుక్కున్నాను. తెలుసుకున్నది చెప్తాను, ఎందుకంటే ఈ పేర్లు చూసే మనం పడిపోతాం.

కాలచక్ర అనేది వజ్రయానంలో, అంటే టిబెటన్లు పాటించే బౌద్ధ శాఖలో, నిజంగా ఉన్న తంత్రం, నిజమైన దీక్ష. బుద్ధుడు దాన్ని మన ధాన్యకటకంలోనే, అంటే అమరావతి దగ్గరే చెప్పాడని టిబెటన్ల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి ఆ దీక్ష ఇచ్చారు. వేలమంది వచ్చారు, మా బాబాయి కూడా గుంటూరు నుంచి వెళ్ళి చూసొచ్చాడు. మాస్టర్ గారు తన ‘ట్రాన్స్‌మిషన్’, అంటే తనకు అందిన దీక్ష, అక్కడిదే అన్నారు. సరే, అక్కడ కూర్చున్నారే అనుకుందాం. అలా వేలమందితో పాటు కూర్చున్నంత మాత్రాన ఆ దీక్షను ఇంకొకరికి ఇచ్చే అధికారం రాదు. దానికి గురుపరంపర, ఏళ్ళ తరబడి చదువు, సాధన ఉంటాయి. ఆయన నేర్పిన చేతులాడించే పద్ధతి దాదాపు మొత్తం రేకీ. రేకీ 1922లో జపాన్‌లో మికావో ఉసుయి మొదలుపెట్టింది. ఇక ఏడు చక్రాలకు ఇంద్రధనుస్సు రంగులు ఇరవయ్యో శతాబ్దపు అలవాటు. హేవజ్ర లాంటి బౌద్ధ తంత్రాల్లో లెక్క నాలుగు చక్రాలే. రేకీ చేసేవాళ్ళంతా మోసగాళ్ళని నేను అనడం లేదు. మా దొడ్డమ్మ ఇరవై ఏళ్ళుగా చేస్తోంది, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోదు, ఎవరినీ మందు మానమనదు. జపాన్‌ది జపాన్‌దని చెప్పి ఇస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

నన్ను బాగా కదిలించింది వినయపిటకంలోని, అంటే బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథంలోని, ఒక సంగతి. భిక్షువును సంఘం నుంచి శాశ్వతంగా వెలివేసే తప్పులు నాలుగే. వాటిని పారాజికాలు అంటారు. లైంగిక సంబంధం, దొంగతనం, హత్య, నాలుగోది లేని సిద్ధి ఉందని చెప్పుకోవడం. హత్య పక్కనే చేర్చారు దాన్ని! ఆ నియమం పుట్టిన కథ ఇంకా ముఖ్యం. వజ్జి దేశంలో కరువు వచ్చింది. వగ్గుముదా నది ఒడ్డున ఉన్న కొందరు భిక్షువులకు తిండి దొరకడం కష్టమైంది. అప్పుడు వాళ్ళు ఒక ఉపాయం చేశారు. ‘ఫలానా భిక్షువుకు ఫలానా ధ్యానం సిద్ధించింది, ఫలానాయన అర్హంతుడు (పూర్తిగా విముక్తి పొందినవాడు)’ అని గృహస్థుల ముందు ఒకరినొకరు పొగుడుకున్నారు. జనం తమ పిల్లలకు పెట్టేది కూడా తగ్గించుకుని వాళ్ళకు పెట్టారు. వానాకాలం ఒకేచోట ఉండే వర్షావాసం అయ్యాక అన్ని చోట్ల నుంచీ భిక్షువులు చిక్కిపోయి వస్తే, వీళ్ళు నిగనిగలాడుతూ వచ్చారు. సంగతి తెలిసి బుద్ధుడు, లోకంలో అందరికంటే పెద్ద దొంగ ఇలాంటివాడేనన్నాడు. ఇంకో నియమం కూడా ఉంది. సిద్ధి నిజంగానే ఉన్నా, దీక్ష లేనివాళ్ళకు చెప్పుకుంటే అదీ దోషమే.

ఇది చదివిన రోజు ఆ ముగ్గురు వాలంటీర్లు గుర్తొచ్చారు. ‘మాస్టర్ గారు నాలుగో ధ్యానం దాటారు’, ‘నిన్న రాత్రి నా గదిలో వెలుగు కనిపించింది’. వాళ్ళ పోస్టులు చూసే కదా నేను 45,000 కట్టింది.

శూన్యం అంటే విశ్వశక్తి అని కూడా అక్కడ చెప్తారు. శూన్యాన్నే ఒక వస్తువులా పట్టుకున్నవాడికి మందు లేదని నాగార్జునుడే అన్నాడు, తప్పుగా పట్టుకుంటే పామును పట్టరాని చోట పట్టుకున్నట్టే అనీ అన్నాడు. ఆయన పేరు పెట్టుకుని దాన్నే లెవెళ్ళుగా అమ్ముతున్నారు.

ఇప్పుడు కొనబోయేవాళ్ళకు నా విన్నపం. ఏ కోర్సైనా సరే, డబ్బు కట్టే ముందు ఒక ప్రశ్న వేసి చూడండి: ‘నాకు బీపీ ఉంది, మాత్రలు వాడుతున్నాను, నేను చేయొచ్చా?’ దీనికి వాళ్ళు ఏం చెప్తారో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పోల్చుకోవడానికి ఒకటి చెప్తాను. హైదరాబాద్ దగ్గర ధమ్మఖేత్త, నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున లాంటి గోయెంకా గారి విపశ్యన ధ్యాన కేంద్రాల్లో పది రోజుల శిబిరానికి, భోజనానికి, బసకు ఫీజు లేదు. శిబిరం పూర్తి చేసినవాళ్ళ దగ్గరే, వాళ్ళిష్టమైతేనే, విరాళం తీసుకుంటారు. దరఖాస్తులోనే శారీరక, మానసిక ఆరోగ్యం గురించి, వాడే మందుల గురించి అడుగుతారు. అదీ తేలిక కాదు, పది రోజుల మౌనం అందరికీ పడదు, మానసిక సమస్యలున్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా వెళ్ళొద్దు. కనీసం అడిగేవాళ్ళున్నారు, అదే తేడా.

ఇప్పటికే సాధన మొదలుపెట్టి నిద్ర పట్టకపోయినా, దడ, వణుకు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం ఉన్నా, ఆ రోజే ఆపేయండి. క్లెన్సింగ్ అన్న మాట వినకండి. దగ్గర్లో డాక్టరు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు.

డబ్బు పోయినవాళ్ళు సిగ్గుపడి ఊరుకోవద్దు. నేనూ రెండు నెలలు అలాగే ఊరుకున్నాను. వాయిస్ మెసేజ్‌లు, ఫోన్‌పే రసీదులు, కోర్సు ప్రకటన స్క్రీన్‌షాట్లు ముందు ఇంకో చోట దాచుకోండి, వాళ్ళు ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టకముందే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. డబ్బు తీసుకుని మాయమైతే సైబర్ నేరాల నంబర్ 1930, అదీ వెంటనే. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మన జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అవతలివాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా సరే. 5 లక్షల లోపు అయితే కేసు ఫీజు లేదు. మంత్రంతో, మహిమతో బీపీ, షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరమని కూడా లాయరు గారు చెప్పారు. నా ఫిర్యాదులో అదీ రాయించాను. డబ్బు ఇంకా రాలేదు.

పోయిన వారం గ్రూపులోంచే ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ళాయన షుగర్ మాత్రలు ఆపి పదిహేను రోజులైందట. ఫ్రిజ్ మీద అతికించిన 21 రోజుల చార్టులో రోజూ టిక్కు పెడుతున్నారట. ‘ఆయన నా మాట వినరండీ, మీరు చెప్పండి’ అన్నారు. ఫోన్ ఆయనకు ఇప్పించి నా కేస్ షీటు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున పరగడుపున పరీక్ష చేయిస్తే 340 వచ్చింది. మధ్యాహ్నానికి ఆవిడ నాకు ఒక ఫొటో పంపారు. ఫ్రిజ్ మీద చార్టు లేదు, దాని బదులు డాక్టరు రాసిచ్చిన చీటీ అంటించి ఉంది.